మళ్ళీ వచ్చిందా, రెండోది వచ్చిందా?

చిన్నప్పుడు రంజాన్ నెలలో మా ఉర్దూ బడి గోడ పొడవునా ఉమ్ములే ఉండేవి. రోజా ఉన్నప్పుడు ఉమ్ము మింగితే రోజా విరిగిపోతుందని పిల్లలందరం గట్టిగా నమ్మేవాళ్ళం. ఎవరెక్కువసార్లు ఉమ్మితే వాళ్ళంత పక్కా రోజాదార్. జొహర్ వేళకల్లా నాలుక అట్టకట్టి, పెదాలు పగిలి, ఇంటి గడపలోనే కూలబడేవాణ్ణి. ఒకసారి కొల్లూరు వెళ్ళినప్పుడు మా పెద్దఖాలా ఆ అవతారం చూసి నవ్వాపుకోలేకపోయింది. "అరె పగ్లే! నోట్లో ఊరింది మింగితే రోజా ఎక్కడికి పోతుందిరా? అది అల్లా నీ లోపల పెట్టిన మంచినీళ్ళ కుండ. మింగు" అంది.

ఆ కుండకే ఒకరోజు జబ్బు చేస్తుందని, అదీ తనకే చేస్తుందని ఆమెకి అప్పుడేం తెలుసు?

కొల్లూరు అనగానే దోస్తులు కోహినూర్ గని గురించి అడుగుతారు. అది వేరే కొల్లూరు. పల్నాడు వైపుది, ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. మాది తెనాలి దాటాక కృష్ణ ఒడ్డున ఉండే కొల్లూరు. ఎప్పుడూ గుంటూరు జిల్లానే, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా అయింది. మా దగ్గర వజ్రాల్లేవు. అరటి తోటలున్నాయి, పసుపు ఉంది, ఇటుక బట్టీలున్నాయి, ఏటి మధ్యలో లంకలున్నాయి. మా ఖాలూజాన్ ఒక బట్టీలో మేస్త్రీగా చేసేవారు. ఆయన ఇంతెకాల్ అయ్యాక కూడా ఖాలా ఆ ఊరు వదల్లేదు. కరకట్టకి దగ్గర్లో రెండు గదుల ఇంట్లో ఉండిపోయింది.

2016లో ఆమె రొమ్ములో గడ్డ తేలింది. అప్పటికి అరవై నిండలేదు. ఆపరేషన్, కీమో, ఛాతీకి రేడియేషన్, ఆ తర్వాత అయిదేళ్ళు రోజూ ఒక మాత్ర. ఇలాజ్ అంతా ఆరోగ్యశ్రీ కార్డు మీదే జరిగింది. ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ అయినా మా ఇళ్ళల్లో ఇంకా ఆరోగ్యశ్రీనే. 2021లో డాక్టర్ ఇక మాత్ర అక్కర్లేదన్న రోజున ఖాలా ఖీర్ వండి మొహల్లా అంతా పంచింది. మాకందరికీ ఆ బాబ్ అక్కడితో బంద్ అయినట్టే.

తర్వాత వరద. 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు కిందికి వచ్చాయి. కొల్లూరు మండలంలో లంకలు మునిగాయి. ఖాలా ఇంట్లోకి మోకాలి లోతు నీళ్ళు. ఆమె శిబిరానికి మోసుకెళ్ళినవి మూడే: ఖురాన్ షరీఫ్, ఖాలూజాన్ గొడుగు, ప్లాస్టిక్ కవర్లో చుట్టి పురికొసతో కట్టిన ఆస్పత్రి ఫైలు. నాకు గుస్సా వచ్చింది. "బియ్యం వదిలేసి ఆ పాత కాగజ్‌లు ఎందుకు ఖాలా?" అన్నాను ఫోన్లో. "బియ్యం గవర్నమెంటోళ్ళు ఇస్తారు బేటా. ఇవెవరిస్తారు?" అంది.

నాలుగు నెలల తర్వాత, 2025 జనవరిలో, ఎడమ చెవి కింద చిన్న గడ్డ. గవదబిళ్ళ అనుకుని పసుపూ సున్నం పట్టు వేసుకుంది. గవదబిళ్ళ అయితే వారం పది రోజుల్లో దిగాలి. ఇది దిగలేదు. నొప్పీ లేదు. నొప్పి లేదు కాబట్టి ఫికర్ లేదనుకుంది. తెనాలిలో సూది పరీక్ష చేయిస్తే క్యాన్సర్ కణాలున్నాయన్నారు.

రంజాన్ మొదటి వారంలో, తరావీహ్ అయ్యాక, మా ఇంట్లో మష్వరాకి కూర్చున్నాం. మా పెద్ద భాయ్‌జాన్ అన్నాడు: "ఫిర్ ఆగయా. రొమ్ములోది మొహంలోకి ఎక్కింది. ఈ వయసులో మళ్ళీ కోతలు, మళ్ళీ మందులు పెట్టించడం జుల్మ్. ఇంట్లో పెట్టుకుని ఖిద్మత్ చేద్దాం. ఏదైనా ఉంటే ఈద్ అయ్యాక చూద్దాం." ఆయన చెడ్డవాడు కాదు. ఆమె మీద మొహబ్బత్‌తోనే అన్నాడు. ఒక్కొక్కరుగా అందరూ తలూపారు. నేనూ ఊపాను.

ఆ రాత్రి నేను చేసిన ఇంకో పని కూడా మీకు చెప్పాలి. ఇరవై ఏళ్ళుగా పత్రికల్లో ఉన్నాను, పోయినవాళ్ళ గురించి రాయడం చేతికి అలవాటైపోయింది. నిద్ర పట్టక పడుకుని, ఖాలా గురించి రాయబోయే వ్యాసానికి మొదటి వాక్యం వెతుక్కున్నాను. దొరికింది కూడా. ఆమె పక్క గదిలోనే ఉంది, సహెర్‌కి మాకు రొట్టెలు చేయాలని పిండి కలిపి పెడుతోంది. బతికున్న మనిషికి నేను లోలోపల ఫాతిహా చదివేశాను.

ఈద్ అయిన రెండో రోజు ఖాలా ఫోన్ చేసింది. సలాం అయ్యాక నేరుగా అడిగింది. "బేటా, మీరంతా ఫిర్ ఆగయా, ఫిర్ ఆగయా అంటున్నారు. వచ్చింది అదేనని ఎవరైనా చూశారా?"

కొత్తగా చేరిన కుర్రాళ్ళకి నేను మొదటి రోజు చెప్పే పాఠం అది. ఖబర్ రూఢి చేసుకోకుండా రాయొద్దని. మూడో క్లాసు చదివిన మా ఖాలా దాన్ని నాకు తిరిగి అప్పజెప్పింది.

గుంటూరులో క్యాన్సర్ సర్జన్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన గడ్డ పట్టి చూసి, మెడ అంతా తడిమి, కళ్ళు గట్టిగా మూయమని, పళ్ళు కనపడేలా నవ్వమని అడిగాడు. మొహం నరం బాగుందో లేదో అలా చూస్తారట. తర్వాత ఆయన అడిగిన మొదటి ప్రశ్న మా ఖాలా అడిగిందే. "ఇది పాతదా, కొత్తదా? 2016 బయాప్సీ రిపోర్టు ఉందా? ఆ బ్లాక్ ఎక్కడుంది?"

ఖాలా తన చేతి సంచిలోంచి ఆ ప్లాస్టిక్ కవర్ తీసింది.

బ్లాక్ అంటే ఏమిటో నాకు అప్పటిదాకా తెలియదు. ఆపరేషన్‌లో తీసిన కండ ముక్కని మైనంలో పోతపోసి దాస్తారు. దాన్నుంచి పల్చటి పొరలు కోసి, రంగులద్ది, అద్దం పలక మీద పెట్టి మైక్రోస్కోపులో చూస్తారు. ఆ మైనం ముక్క ఏళ్ళ తరబడి చెడిపోదు. కొత్త ప్రశ్న వస్తే మళ్ళీ పొర కోసి అడగొచ్చు. అయితే ఏ ఆస్పత్రీ వాటిని ఎల్లకాలం దాచదు, దాచినా నంబర్ లేకపోతే వెతకలేరు. ఫైల్లో నంబర్ ఉంది. దరఖాస్తు రాసి, సంతకం పెట్టి తెచ్చుకున్నాను. అగ్గిపెట్టె అంత కూడా లేదు. బస్సులో కూర్చున్నంతసేపూ జేబు మీంచి చెయ్యి తియ్యలేదు.

ఇంతకీ ఈ పంచాయితీ ఎందుకు? లాలాజలం అనే మాట నేను తెలుగు డిగ్రీలో నేర్చుకున్నాను. మా ఉర్దూ బడిలో దాన్ని లుఆబ్ అనేవాళ్ళు. అది ఊరడానికి మనకి మూడు జతల పెద్ద గ్రంథులున్నాయి. చెవుల ముందు, దవడ కింద, నాలుక కింద. నోరూ గొంతూ అంతటా కంటికి కనపడని చిన్నవి వందల్లో ఉంటాయి. వీటిలో వచ్చే క్యాన్సర్ చాలా అరుదు. మొత్తం క్యాన్సర్లలో నూటికి ఒక్కటి కూడా ఉండదు. చెవి దగ్గరి గ్రంథిలో లేచే గడ్డల్లో ఎక్కువ భాగం అసలు క్యాన్సరే కాదు. అయితే ఈ క్యాన్సర్‌లోనే ఇరవైకి పైగా రకాలున్నాయి. కొన్ని ఏళ్ళ తరబడి నిద్రపోతూ ఉంటాయి, కొన్ని దుడుకువి. ఆ దుడుకు రకాల్లో ఒకటి, గ్రంథి నాళాల్లో పుట్టేది, మైక్రోస్కోపు కింద అచ్చం రొమ్ము క్యాన్సర్‌లాగే కనపడుతుంది. దాన్ని సలైవరీ డక్ట్ కార్సినోమా అంటారు. రొమ్ము క్యాన్సర్ పడ్డ మనిషి చెవి కింద అలాంటిది కనపడితే డాక్టర్ కూడా ఒక నిమిషం ఆగాలి. మా భాయ్‌జాన్ అన్నట్టు పాతదే పాకిందా? లేక ఇది కొత్త మెహమానా?

రెండింటికీ దారులు వేరు. రొమ్ములోది పాకి వచ్చిందంటే అది నాలుగో స్టేజి. మందులతో అదుపులో పెట్టడమే తప్ప మొదలంటా తీసేయడం కష్టం. కొత్తగా పుట్టింది, ఇంకా పుట్టినచోటే ఉంది అంటే కోసి తీసేయొచ్చు. నయం అనే మాట నోటితో అనొచ్చు. ఒకటే గడ్డ, ఒకటే మనిషి. "ఫిర్ ఆగయా" అన్న రెండు మాటలతో మేము ఆమెని చూడకుండానే నాలుగో స్టేజిలోకి నెట్టేశాం.

పాథాలజీ డాక్టర్ పాత పొరనీ కొత్త పొరనీ పక్కపక్కన పెట్టి చూసింది. పాతదానికి ఈస్ట్రోజన్ పరీక్ష పాజిటివ్. కొత్తదానికి అది నెగెటివ్, మగ హార్మోన్ పరీక్ష పాజిటివ్. లాలాజల నాళాల క్యాన్సర్‌లో తరచుగా అలాగే ఉంటుందట. ఒక్క రంగు చూసి తేల్చరు. ఒళ్ళంతా స్కాన్ తీస్తే ఇంకెక్కడా ఏమీ లేదు. గడ్డ 2 సెం.మీ. దాటింది, 4 లోపు ఉంది. మెడ బిళ్ళల్లోకి పోలేదు. అన్నీ కలిపి ఫైసలా చెప్పారు. ఇది రెండోది. పాతది కాదు. రెండో స్టేజి.

భాయ్‌జాన్ బయట బెంచీ మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు.

లోపల నేను సర్జన్ని అడిగాను. "ముందే ఒక క్యాన్సర్ వచ్చింది కదా డాక్టర్ గారూ, దానివల్ల ఈమె ఆయుష్షు ఎంత తగ్గుతుంది?" నాకొక నంబర్ కావాలి. పత్రికల్లో పనిచేసేవాడికి నంబర్ దొరికితే మనసు కుదుటపడుతుంది. ఆయన నంబర్ ఇవ్వలేదు. నాలుగు ప్రశ్నలు ఇచ్చాడు. పాత క్యాన్సర్ ఏది, అది ఏ స్టేజిలో ఉండేది? అది వచ్చి ఎన్నేళ్ళయింది, మళ్ళీ తిరగబెట్టిందా? దాని ఇలాజ్ ఒంట్లో ఏం మిగిల్చింది? కొత్తది ఎంత దూరం పోయింది? "చివరిదే అన్నింటికంటే బరువైంది" అన్నాడు.

ఇంటికొచ్చాక రోజుల తరబడి చదివాను. నాకర్థమైంది మా ఊరి భాషలో చెప్తాను. ఒక వరద చూసిన ఇల్లు రెండో వరదకి కూలుతుందా? పోయినేడే నాని, గోడలు ఇంకా తడిగా ఉంటే కూలొచ్చు. తొమ్మిదేళ్ళ కింద నాని, ఎండి, గిలాబా చేయించుకుని ఉంటే పాత వరద ప్రస్తావనే అనవసరం. ఈసారి నీళ్ళు ఎంత ఎత్తున వచ్చాయన్నదే లెక్క. ఇంకో సంగతి, ఒకసారి వరద చూసినవాళ్ళు ఏటి మీద కన్నేసి ఉంచుతారు, నీళ్ళు గడప తాకకముందే కట్ట ఎక్కుతారు. క్యాన్సర్ ఒకసారి పడ్డవాళ్ళు ఆస్పత్రి చుట్టూ తిరుగుతూ ఉంటారు కాబట్టి రెండోది కొన్నిసార్లు తొందరగా దొరుకుతుంది.

అందుకే ఈ హిసాబ్ తేలిగ్గా తేలదు. పాత క్యాన్సర్ ఉన్నవాళ్ళు సాధారణంగా వయసులో పెద్దవాళ్ళు. వాళ్ళలో కొందరు గుండె జబ్బుతో పోతారు, కొందరు పాత క్యాన్సర్‌తోనే పోతారు. వాళ్ళందర్నీ కొత్త క్యాన్సర్ ఖాతాలో వేస్తే లెక్క తప్పుతుంది. అందుకని పరిశోధకులు ఒకే వయసు, ఒకే స్టేజి, ఒకే ఇలాజ్ ఉన్నవాళ్ళని జతలు కట్టి పోలుస్తారు. అలా చూసినప్పుడు కొన్ని క్యాన్సర్లలో పాత జబ్బు ఆయుష్షు తగ్గిస్తుంది, కొన్నిట్లో పెద్ద తేడా ఉండదు. అమెరికాలో నాలుగో స్టేజి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న లక్ష మందికి పైగా వృద్ధుల వివరాలు చూసి 2015లో ఒక అధ్యయనం వచ్చింది. అందులో ముందే వేరే క్యాన్సర్ వచ్చినవాళ్ళు మిగతావాళ్ళకంటే ముందుగా ఏమీ పోలేదు.

అయినా కొత్త మందుల ట్రయల్స్‌లో ఇలాంటివాళ్ళని ఏళ్ళ తరబడి గుమ్మం దగ్గరే ఆపేశారు. "ముందు క్యాన్సర్ వచ్చిందా? అయితే వద్దు." కానీ అక్కడ అరవై అయిదు దాటినవాళ్ళలో కొత్తగా క్యాన్సర్ తేలిన ప్రతి నలుగురిలో దాదాపు ఒకరికి అంతకుముందే ఇంకోటి వచ్చి ఉంది. ఇంతమందిని బయట పెట్టి ఇలాజ్ నేర్చుకోవడం ఏమిటని అడగ్గా అడగ్గా, 2017లో అక్కడి క్యాన్సర్ వైద్యుల సంఘం, 2020లో ఎఫ్‌డీఏ ఆ షరతు సడలించమని చెప్పాయి. మా ఇంటి మష్వరాలో జరిగిందే అంత పెద్ద చోట్ల కూడా జరిగిందని తెలిశాక నాకు తసల్లీ కలగలేదు. సిగ్గు మాత్రం కాస్త తగ్గింది.

నా పేషాలోవాడే ఒకాయన కథ కూడా దొరికింది. షికాగోలో సినిమా సమీక్షలు రాసిన రోజర్ ఈబర్ట్. 1975లో పులిట్జర్ అందుకున్నాడు, సినిమా సమీక్షకుల్లో ఆయనే మొదటివాడు. 2002లో థైరాయిడ్ క్యాన్సర్. మరుసటి ఏడే, 2003లో లాలాజల గ్రంథి క్యాన్సర్. 2006లో దవడ ఎముక తీయాల్సి వచ్చింది, మాట పోయింది, నోటితో తినడం, తాగడం పోయాయి. మాట పోయాక బ్లాగు మొదలుపెట్టి మునుపటికంటే ఎక్కువ రాశాడు. 2013 ఏప్రిల్ 4న పోయాడు. రెండో క్యాన్సర్ తర్వాత దాదాపు పదేళ్ళు. ఒక్కడి కథ సబూత్ కాదు, నాకు తెలుసు. కానీ 2003లో ఆయన ఇంట్లో ఎవరో "ఫిర్ ఆగయా, ఇక చాలు" అని ఉంటే ఆ పదేళ్ళ రాతలు ఉండేవి కావు.

ఖాలాకి మే నెలలో ఆపరేషన్ అయింది. ఆ గ్రంథి మధ్యలోంచే మొహం నరం కొమ్మలు కొమ్మలుగా పోతుంది. వాటిని ఒక్కొక్కటిగా వేరుచేస్తూ గడ్డ తీయాలి. నరం తెగలేదు, కానీ కదిలించినందుకు అలిగింది. తర్వాత ఆరు వారాలు రేడియేషన్. ఇక్కడ కూడా ఆ పాత ఫైలే మాట్లాడింది. 2016లో కిరణాలు పడింది ఛాతీకి, ఇప్పుడు పడాల్సింది దవడకి, రెండూ కలవవు కాబట్టి పూర్తి మోతాదు ఇచ్చారు. అప్పట్లో ఎక్కించిన ఎర్ర మందు గుండె మీద బరువు వేస్తుంది. జీవితం మొత్తానికి ఇంతే అని దానికి హద్దు ఉంది. ముందుముందు ఏ మందు వాడాల్సి వచ్చినా ఆ హిసాబ్ చూసుకోవాలని డాక్టర్ ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో రాశాడు. పాత క్యాన్సర్ నిజంగా అడ్డుపడేది ఇలాంటిచోట్ల. నసీబులో కాదు, మందుల లెక్కలో.

ఇది దుడుకు రకమని, మొదటి రెండు మూడేళ్ళు కంట్లో వత్తులేసుకుని చూడాలని డాక్టర్ చెప్పాడు. ఖాలా అంతా విని, "రెండు మూడేళ్ళు అంటే చిన్నదాని నికా అయిపోతుంది" అంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మేము పోగొట్టిన నెలల గురించి ఆమె ఒక్క మాట అనలేదు. గడ్డ జనవరిలో ఎంత ఉండేదో ఎవరూ కొలవలేదు. అది నా మెడలో ఉండిపోయింది.

ఈ ఏడు రంజాన్‌కి కొల్లూరు వెళ్ళాను. ఆమె రోజాలు ఉండటం లేదు. నోరు ఎండిపోతుంది, కిరణాలు ఆ కుండని చాలావరకు ఎండగట్టేశాయి. పక్కన నీళ్ళ సీసా లేకుండా రెండు మాటలు కూడా మాట్లాడలేదు. రోజాలకి బదులు ఫిద్యా లెక్కకట్టి ఇచ్చేసింది. దువాకి చేతులెత్తి కళ్ళు మూస్తే ఎడమ కన్ను సగం తెరిచే ఉంటుంది. రాత్రుళ్ళు దానికి చుక్కలు వేసి, పట్టీ అంటించి పడుకుంటుంది. ఇఫ్తార్ వేళ మాతోపాటే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుంది. ఖజూర్ నోట్లో పెట్టుకుని, మూడు గుక్కల నీళ్ళతో కిందికి దింపి, మా అందరి మొహాలూ చూసి, "ఏం చూస్తున్నారు? తినండి" అంది.

చదివేవాళ్ళలో ఎవరింట్లోనైనా ఇలాంటి ఫైలు ఉంటే, జబ్బు తగ్గిపోయింది కదా అని పారేయకండి. బయాప్సీ నంబర్, ఆపరేషన్ కాగితం, ఏ మందు ఎంత ఇచ్చారో, కిరణాలు ఎక్కడ పెట్టారో ఉన్న కాగితం. ఫోన్లో ఫోటో తీసి ఇద్దరు ముగ్గురి దగ్గర ఉంచండి. రెండోసారి ఏదైనా తేలితే, అది ఏదో చూడకముందే ఇంట్లో ఫైసలా చేయకండి. మేము చేశాం.

బయల్దేరుతుంటే ఖాలా గుమ్మం దాకా వచ్చింది. ఫైలు ఇప్పుడు రెండింతలు లావయింది. పాతవీ కొత్తవీ కలిపి ఒకే పురికొసతో కట్టింది. వానాకాలం వచ్చేలోపు మంచి కవర్ ఒకటి తెచ్చి ఇమ్మంది. పాతది ముడి దగ్గర చిరిగిందట.